ఎరుపు కనబడకముందే: బందరు అద్దకం పనితనం

పెడనలో అద్దకం బల్ల దగ్గర నిలబడి చూసేవారికి మొదట అయోమయంగా ఉంటుంది. ఎర్ర పువ్వులు అద్దుతున్నామని అక్కడివారు చెబుతారు. గుడ్డ మీద చూస్తే ఎరుపు జాడే ఉండదు. అచ్చును తొట్టెలో ఒత్తి, గుడ్డ మీద ఆనించి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. అచ్చు లేపితే అక్కడ మిగిలేది పాలిపోయిన తడి మరక. ఎక్కడ అద్దారో ఎక్కడ అద్దలేదో తెలియడం కోసం, కడిగితే పోయే రంగు కాస్త అందులో కలుపుతారు. అసలు అద్దింది పటిక. అది ఎరుపు కావడానికి ఇంకా రోజులు పడుతుంది. ఈలోగా ఆ గుడ్డ కాలువలో జాడింపబడాలి, రాగి గంగాళంలో ఉడకాలి, ఎండలో ఆరాలి.

మచిలీపట్నం, అంటే బందరు కలంకారీలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ముఖ్యమైన పని చాలావరకు రంగు కంటికి కనబడకముందే జరిగిపోతుంది. చెక్కేవారు అచ్చు చెక్కి ఇచ్చేస్తారు, ఆ గీత గుడ్డ మీద ఎలా పడిందో చూసుకునేది అద్దేవారు. అద్దేవారు పటిక అద్ది పంపేస్తారు, అది ఎరుపెక్కిందో లేదో చూసేది గంగాళం దగ్గర ఉన్నవారు. వారు ఉడికించి తీస్తారు, తెలుపు తేలిందో లేదో చూసేది చలవ చేసేవారు. ఒకరి పని మంచిచెడ్డలు తరువాతివారి చేతిలో బయటపడతాయి. అందువల్ల ఇందులో ప్రతివారూ తాము చూడని ఫలితం కోసం, తమ తరువాతివారిని నమ్మి పనిచేస్తారు. ఆ చేతుల వరసను ఒక్కొక్కటిగా దగ్గరికి వెళ్ళి చూద్దాం.

నేల, నీరు, రేవు

పెడన కృష్ణా జిల్లాలో, బందరుకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం. చేనేతకూ అద్దకానికీ పేరున్న ఊరు. భౌగోళిక గుర్తింపు పొందిన మచిలీపట్నం కలంకారీ పని ఇక్కడా, బందరులోనూ, దగ్గరలోని కప్పలదొడ్డి, పోలవరం గ్రామాల్లోనూ సాగుతుంది. ఈ పోలవరం గోదావరి మీది ప్రాజెక్టు ఊరు కాదు, బందరు ప్రాంతపు పల్లె. కలంకారీకి మరో కేంద్రమైన శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున వెదురు కలంతో గుడ్డ మీద రామాయణ భారత కథలు రాస్తారు. ఇక్కడ టేకు అచ్చులతో లతలు, పువ్వులు, మామిడి పిందెలు, నెమళ్ళు అద్దుతారు. రంగు పట్టించే విద్యలో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్ళే.

ఈ పని ఈ తీరంలోనే ఇంత లోతుగా పాతుకోవడానికి నేలలోనే కారణాలున్నాయి. కృష్ణా డెల్టాలో మంచి నూలు గుడ్డ నేసేవారున్నారు. ఏడాదిలో ఎక్కువ నెలలు గట్టి ఎండ కాస్తుంది. ఒకప్పుడు ఏటి పాయలు, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక దాని కాలువలు పారే నీటిని ఊళ్ళ పక్కకే తెచ్చాయి. వీటన్నిటికీ తోడు చిరివేరు ఉంది. సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. దాని సన్నటి వేరు బెరడులో ఎరుపు దాగి ఉంటుంది. గవ్వల సున్నం కలిసిన ఇసుకలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుందని పేరు. రసాయనశాస్త్రం ఈ మాటను కాదనదు, ఈ ఎరుపు నూలులో గట్టిగా బిగియడానికి పటికతో పాటు సున్నం కూడా తోడ్పడుతుంది. సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో, కోరమండల్ తీరపు మొక్కల మీద 1795లో వెలువరించడం మొదలుపెట్టిన గ్రంథంలో ఈ చిరివేరుకు చోటిచ్చాడు.

ఇక రేవు. గోల్కొండ కుతుబ్ షాహీల రాజ్యానికి సముద్రద్వారం బందరే. డచ్చివారు 1605లో, ఇంగ్లిషువారు 1611లో ఇక్కడికి చేరారు. అంతకుముందు నుంచే పారశీక వర్తకులున్నారు. 1618 నుంచి 1622 వరకు బందరులో ఉన్న విలియం మెత్‌వొల్డ్ అనే ఇంగ్లిషు వర్తకుడు ఈ తీరపు చిత్రించిన బట్టల గురించి రాశాడు. ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం రంగు పోదని మెచ్చుకున్నాడు. అప్పటి మేలిరకం పని కలంతోనే సాగేది. బేరాలు పెరిగి, ఒకే నమూనా వందల గజాలు కావలసి వచ్చేకొద్దీ అచ్చుకు ప్రాధాన్యం పెరిగింది. చేతిలోని పనిముట్టు మారినా మెత్‌వొల్డ్ మెచ్చుకున్న ఆ గుణాన్ని అద్దకంవారు వదులుకోలేదు. దాన్ని ఎలా నిలబెట్టారో తెలియాలంటే పని మొదలు నుంచి చూడాలి.

అచ్చు

ముందు టేకు చెక్క. బాగా ఎండి, ఇక వంకర తిరగదని నమ్మకం కుదిరిన చెక్కనే తీసుకుంటారు. దాని ముఖాన్ని చదును చేసి నున్నగా రుద్దుతారు. ఎక్కడైనా వెంట్రుకవాసి పల్లం ఉంటే అక్కడ గీత పడదు. కాగితం మీద గీసిన బొమ్మను చెక్క మీదికి ఎక్కిస్తారు. గుడ్డ మీద కుడివైపు తిరగాల్సిన లత అచ్చులో ఎడమవైపు తిరగాలి, కాబట్టి చెక్కేవారి చూపు ఎప్పుడూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఆలోచిస్తుంది.

తరువాత బరమాతో పువ్వుకూ పువ్వుకూ నడుమ ఉన్న చెక్కను తొలిచేస్తారు. ఆపైన ఉలులు, చిన్న కొయ్య సుత్తి. నిలవాల్సింది గీత, పోవాల్సింది మిగతా చెక్క. ఇక్కడ చెక్కేవారి తెలివి చూడాలి. గీత పైన సన్నగా ఉన్నా, మొదలు దగ్గర కాస్త మందంగా ఉండేలా ఏటవాలుగా కోస్తారు. అలా కోయకపోతే అన్ని గుద్దులకు సన్నటి గీత విరిగి ఊడిపోతుంది. పల్లం తగినంత లోతు ఉండాలి, లేకపోతే అద్దే ద్రవంలోని జిగురు అందులో పేరుకుని గుడ్డ మీద మరకలు దిగుతాయి. పెద్ద అచ్చులకు లోపల ఇరుక్కున్న గాలి పోవడానికి బెజ్జాలు వేస్తారు. అన్నిటికన్నా సూక్ష్మమైన లెక్క మరొకటి ఉంది. అద్దిన ద్రవం గుడ్డలో ఎంతో కొంత పాకుతుంది. కాబట్టి గుడ్డ మీద ఎంత మందం గీత కావాలో చెక్క మీద దానికన్నా సన్నంగా నిలపాలి. ఆ పాకుడు ఎంతో చెక్కేవారు తమ బల్ల మీద చూడలేరు. అద్దేవారి జిగురు చిక్కదనం, నేతవారి నూలు సన్నదనం మనసులో పెట్టుకుని ఉలి పట్టుకోవాలి.

ఒక నమూనాకు ఒక్క అచ్చు సరిపోదు. గీతలకొకటి, లోపల నింపడానికి రంగుకొకటి, అంచుకొకటి, మూలకొకటి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే జుట్టు మందం తేడా లేకుండా కుదరాలి. పూర్తయిన అచ్చులను నూనెలో నాననిస్తారు. చెక్క తడిని పీల్చి ఉబ్బకుండా నూనె కాపాడుతుంది.

గుడ్డను సిద్ధం చేయడం

మగ్గం దిగిన కోరా గుడ్డకు గంజి ఉంటుంది, నూలుకు సహజంగా ఉండే జిడ్డు ఉంటుంది. రెండూ పోతే తప్ప నూలు దేన్నీ పట్టుకోదు. పాత పద్ధతిలో గుడ్డను పేడ నీళ్ళలో నానబెట్టి, జాడించి, ఎండలో పరిచి, మళ్ళీ తడుపుతూ ఉంటారు. గుడ్డ మెత్తబడి, తెల్లబడి, నీటిని ఆబగా పీల్చే స్థితికి వస్తుంది.

అప్పుడు కరక్కాయ. ఎండిన కరక్కాయల పొడిని నీళ్ళలో కలిపి, అందులో గేదె పాలు పోసి, గుడ్డను ఆ ద్రవంలో ముంచి, సమంగా పిండి, ఎండలో ఆరేస్తారు. గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు నూలుకు పట్టుకుంటుంది. రేపు పటికా, ఇనుమూ వచ్చి కూర్చోవడానికి ఆ వగరే పీట. పాలలోని వెన్న గీతను పాకనివ్వదు, అద్దినచోటనే నిలబెడుతుంది. పిండడంలో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ మిగిలితే ఆ తేడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. గంగాళం దించాక ఎరుపులో మచ్చలై కనబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఈ దశను నిర్లక్ష్యం చేయనివ్వరు. చూపుకు ఇది ఉతకడం, ఆరేయడమే అనిపిస్తుంది. నిజానికి రంగు నిలిచేదీ పోయేదీ ఇక్కడే సగం తేలిపోతుంది.

నలుపు వెంటనే, ఎరుపు ఆలస్యంగా

బల్ల మీద గోనె, కంబళి పొరలు పరిచి, వాటి మీద గుడ్డ వేస్తారు. అడుగు మెత్తగా ఉంటే అచ్చులోని ప్రతి గీతా గుడ్డను తాకుతుంది. పక్కన చెక్క తొట్టె, అందులో వెదురు అల్లిక మీద తడిసిన గుడ్డ పొరలు. అచ్చును వాటి మీద ఒత్తితే కావలసినంత మేరకే ద్రవం ఎక్కుతుంది.

మొదట నలుపు గీతలు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే ఇనుము కరిగిన పులుపు నీరు వస్తుంది. అన్నభేది వాడడమూ ఉంది. ఈ ఇనుప నీటికి తుమ్మజిగురు కలిపి చిక్కగా చేసి అద్దుతారు. కరక్కాయ వగరు ఉన్న గుడ్డను అది తాకగానే నల్లబడుతుంది. మన పూర్వులు కాగితం మీద రాసుకున్న కరక్కాయ సిరా కూడా ఈ కలయికే. నలుపు కళ్ళెదుటే పుడుతుంది కాబట్టి అద్దేవారికి అది దారి చూపిస్తుంది. ఆ నల్లగీతల లోపల పటిక అచ్చు ఎక్కడ దిగాలో దాన్ని బట్టే చూసుకుంటారు.

తరువాత పటిక. పటిక నీరు, తుమ్మజిగురు కలిపిన ముద్దను నింపుడు అచ్చుతో పూరేకుల్లో అద్దుతారు. పాలను పెరుగు చేసే తోడు లాంటిది పటిక. తనకంటూ రంగు లేదు, తాను ఉన్నచోటనే రంగు బిగుసుకునేలా చేస్తుంది. అద్దేవారి చేయి బరువు గుద్దు గుద్దుకూ మారకూడదు. ఒక పువ్వు మీద పటిక పలచనైతే, మరో పువ్వు మీద చిక్కనైతే, రేపు ఒకటి గులాబీగా, ఒకటి దానిమ్మ గింజల రంగులో వస్తాయి. పని చేస్తున్నప్పుడు ఈ తేడా కంటికి కనబడదు. మోచేతికి, మణికట్టుకు మాత్రమే తెలుస్తుంది. వెయ్యో గుద్దూ మొదటి గుద్దులాగే పడాలి. పటిక, ఇనుము రెండూ కలిపి అద్దితే గోధుమ వన్నె వస్తుంది. పాళ్ళు మారుస్తూ పోతే ముదురు కాఫీ రంగు నుంచి ఊదా ఛాయ దాకా వెళ్ళవచ్చు. ఒకే గంగాళం నుంచి ఇన్ని వన్నెలు తీయగలగడం ఈ విద్యలోని గొప్ప ఒడుపు.

అద్దిన గుడ్డను వెంటనే కదిలించరు. పటిక నూలులోకి దిగడానికి కొన్ని రోజులు మడతపెట్టి ఉంచుతారు.

కాలువ

ఇప్పుడు గుడ్డ పారే నీటికి వెళుతుంది. జిగురు కరిగిపోవాలి, నూలు పట్టుకోని పటిక కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో ముంచితే కరిగిన పటిక అక్కడే తిరిగి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా అంటుకుంటుంది. అది ఎవరికీ కనబడదు. గంగాళంలో వేశాక పువ్వుల వెనకున్న గుడ్డ నేలంతా గులాబీ తిరిగిపోతుంది, ఇక చేయగలిగింది లేదు. అందుకని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, గుడ్డను విప్పి, ఒక మడత మీద మరో మడత పడకుండా ప్రవాహానికి అప్పగిస్తారు. గుడ్డ పొడవునా నీరు పారి, అక్కరలేనిదాన్ని తీసుకుపోతుంది. ఎంతసేపు ఉంచాలో ఆ రోజు నీటి వేగం చెబుతుంది.

నీటి గుణం కూడా ముఖ్యమే. నీటిలో ఇనుము ఎక్కువుంటే ఎరుపు మసకబారుతుంది. ఈ కాలువలు వ్యవసాయానివి కాబట్టి ఎండాకాలంలో కొన్ని వారాలు కట్టేస్తారు. వానాకాలంలో నీరు మట్టి రంగు తిరుగుతుంది, ఎండ దొరకదు. వరి పొలాలు ఏ కాలువ మాట వింటాయో అద్దకం కూడా ఆ కాలువ మాటే వింటుంది. డెల్టాలో రైతుకూ అద్దకందారుకూ ఉన్న చుట్టరికం ఈ నీటిదే. ఎగువన ఎవరైనా కాలువను పాడుచేస్తే దిగువన ఒకరి పంటా, ఒకరి ఎరుపూ పాడవుతాయి.

గంగాళం

గంగాళం రాగిది కావడానికి కారణముంది. ఇనుప పాత్ర అయితే దాని ఇనుమే కొంత కరిగి ఎరుపును నల్లబరుస్తుంది. పొయ్యి మీద నీళ్ళు, అందులో ఎరుపునిచ్చే సరుకు, జాజి ఆకు. ఒకప్పుడు చిరివేరు, మంజిష్ఠ వేసేవారు. 1868లో జర్మనీలో కార్ల్ గ్రేబె, కార్ల్ లీబర్మన్ అనే శాస్త్రజ్ఞులు మంజిష్ఠ జాతి వేళ్ళలోని ఎర్ర పదార్థమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తరువాత చిరివేరు సాగు క్షీణించింది. ఇవాళ పెడన గంగాళాల్లో ఎక్కువగా వేసేది ఆ అలిజరినే. వేరు మారింది, విద్య మారలేదు. పటిక అద్దనిదే అలిజరిన్ కూడా నూలును అంటుకోదు.

గుడ్డను గంగాళంలో వేసి, మంట మెల్లగా పెంచుతూ, పొడవాటి కర్రలతో ఆపకుండా తిప్పుతారు. ఒక్క చోట మడత ఆగినా అక్కడ రంగు మారుతుంది. ఆవిరి ముఖానికి కొడుతుంటుంది, పొగ కళ్ళలోకి వస్తుంటుంది. అంత వేడిలోనూ కళ్ళు గుడ్డ మీదే ఉంటాయి. మొదట ఏమీ ఉండదు. తరువాత పూరేకులు లేత నారింజగా తేలతాయి, క్రమంగా ఎర్రబడతాయి, చివరికి ముదిరి నిలుస్తాయి. వారం క్రితం బల్ల మీద ఒకరు అద్దిన పటిక ఇప్పుడు ఇంకొకరి కళ్ళ ముందు ఎర్ర పువ్వయింది. అచ్చు చెక్కినవారి సన్నటి గీత, అద్దినవారి సమమైన గుద్దు, కాలువలో నిలబడినవారి ఓపిక అన్నీ ఒకేసారి బయటపడతాయి. వాటిలో ఏ లోపమున్నా అదీ ఇక్కడే బయటపడుతుంది.

గంగాళం నుంచి తీసిన గుడ్డకు ఎరుపు, నలుపు ఉంటాయి కానీ నేల ఇంకా తెల్లగా ఉండదు. కరక్కాయ పసుపు, గంగాళం గులాబీ జీర దాన్ని అంటి ఉంటాయి. చలవ చేసేవారు గొర్రె పెంటికలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, జాడించి, ఇసుక మీదా గడ్డి మీదా పరిచి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉంటారు. తడి మీద ఎండ పడితే, పటిక పట్టుకోని రంగు మెల్లగా విరిగిపోతుంది. పటిక పట్టుకున్న రంగు చెక్కుచెదరదు. రోజులు గడిచేకొద్దీ పువ్వు చుట్టూ ఉన్న నేల మీగడ తెలుపుకు తిరుగుతుంది. అప్పుడు పువ్వు ఎర్రగా ఉన్నట్టు నిజంగా కనబడుతుంది. ఎరుపు తయారైంది గంగాళంలో, దానికి వెలుగు వచ్చింది ఈ ఇసుకలో.

నీలి, పసుపు, ఆకుపచ్చ

ఇంకా రంగులు కావాలంటే గుడ్డకు మళ్ళీ గంజీ పాలూ పట్టించి మరో చుట్టు మొదలుపెట్టాలి. దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వు వంటివాటితో పసుపు తెస్తారు. నీలి సంగతి వేరు. దానికి పటిక అక్కరలేదు కానీ, అది నీటిలో మామూలుగా కరగదు. పులియబెట్టిన తొట్టెలో గాలి సోకకుండా ఉంచితేనే కరుగుతుంది. పాత పద్ధతిలో, నీలం అక్కరలేని చోటల్లా కరిగించిన మైనం పూసి గుడ్డను నీలి తొట్టెలో ముంచేవారు. తీసినప్పుడు గుడ్డ పచ్చపసుపుగా ఉండి, గాలి తగిలాక నీలమవుతుంది. తరువాత వేడినీళ్ళలో మైనం కరిగించి తీసేసేవారు. నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. పాత బట్టల్లో కొన్ని ఆకులు ఇప్పుడు నీలంగా కనబడడానికి కారణం, మీద వేసిన పసుపు కాలక్రమంలో వెలిసిపోవడమే. కింది నీలం అలాగే మిగిలి, ఆ ఆకుపచ్చను ఎలా తయారుచేశారో మనకు చెబుతోంది.

ఒక దుప్పటిని చదవడం

ఈ పనితనం పూర్తిగా కనబడాలంటే జీవవృక్షం దుప్పటిని చూడాలి. 17, 18 శతాబ్దాల్లో ఈ తీరం నుంచి ఐరోపాకు వెళ్ళిన ఇటువంటి పెద్ద దుప్పట్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అడుగున చిన్న గుట్ట. దాని మీద వంపులు తిరుగుతూ లేచిన చెట్టు. ఆ ఒక్క చెట్టుకే ఎన్నో జాతుల పువ్వులు, ఒకదానితో ఒకటి పోలని ఆకులు. ప్రకృతిలో అటువంటి చెట్టు ఉండదు. పారశీక తోటల సొగసు, చీనా పింగాణీ మీది రాళ్ళగుట్టలు, ఐరోపా కొనుగోలుదారుల కోరికలు, తెలుగు తీరపు చేతివాటం అన్నీ కలిసి ఆ చెట్టు పెరిగింది. ఇవాళ పెడనలో ఆ చెట్టును అచ్చులతో అద్దుతారు. కొమ్మలు, ఆకులు, పువ్వులు వేరువేరు అచ్చులుగా చెక్కించుకుని, అవి కలిసే చోటు కనబడకుండా పేర్చుకుంటూ పోతారు.

అటువంటి గుడ్డను చేతిలోకి తీసుకుంటే మొదట వెనక్కి తిప్పి చూడండి. రంగు నూలు లోపలికి దిగి ఉంటే వెనకవైపు కూడా జాడ తెలుస్తుంది. తరువాత అంచు వెంట వేలు పోనిచ్చి, అచ్చు ఎక్కడ ఆగి ఎక్కడ మళ్ళీ మొదలైందో వెతకండి. మంచి చేయి పడితే ఆ అతుకు దొరకడం కష్టం. మూల దగ్గర మరీ ఆగి చూడండి. నిలువుగా వస్తున్న లత అడ్డంగా తిరగాల్సిన చోటు అది. దాన్ని అడ్డంగా నరికేయకుండా మలుపు తిప్పడంలో చెక్కినవారి ముందుచూపు, అద్దినవారి లెక్క రెండూ తెలిసిపోతాయి. నల్లగీతకూ ఎర్ర నింపుడుకూ మధ్య ఒక్కోచోట సన్నటి తెల్లటి సందు మిగులుతుంది. మూడో పువ్వులో ఉన్న సందు నాలుగో పువ్వులో ఉండదు. ఒక పువ్వుకూ మరో పువ్వుకూ ఆ కాస్త తేడా ఉండడం వల్లే గుడ్డంతా ఊపిరి తీస్తున్నట్టుంటుంది. చివరగా నేల రంగు చూడండి. మిల్లు తెలుపులో ఉండే కటువు ఇందులో ఉండదు. పాలు, కరక్కాయ, ఇసుక, ఎండ కలిసి ఇచ్చిన మీగడ వన్నె అది. ఎరుపు దాని మీద వేసినట్టుండదు, దానిలోంచి వచ్చినట్టుంటుంది.

లోకం మెచ్చిన విద్య

ఈ బట్టలు ఐరోపాను ఎంతగా కదిలించాయంటే, అక్కడి నేతవారిని కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో, మళ్ళీ 1721లో చట్టాలు చేసింది. అక్కడివారికి లతలు గీయడం తెలియక కాదు. ఉతికితే పోని రంగు నూలుకు ఎలా పట్టించాలో తెలియలేదు. తెలుగు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి ఫాదరీ గాస్టన్ లారెంట్ కోర్దూ, కోరమండల్ తీరపు అద్దకందారుల దగ్గర పద్ధతి తెలుసుకుని 1742లో స్వదేశానికి జాబు రాశాడు. కరక్కాయ, పాలు, పటిక, వేరు, పారే నీరు, ఎండ అన్నీ ఆ జాబులో వరసగా ఉన్నాయి. జాబుతో పాటు ఈ నేలా నీరూ వెళ్ళలేదు కనుక, ఐరోపా అద్దకందారులు తమ పద్ధతులు తాము వెతుక్కున్నారు. ఆ వెతుకులాటే అక్కడి రంగుల రసాయనశాస్త్రానికి ఊతమైంది. డచ్చి ఓడల మీద జపాను చేరిన ఈ బట్టలను అక్కడివారు సరసా అని పిలిచి, చిన్న ముక్కలను కూడా అపురూపంగా దాచుకున్నారు.

తరువాతి కథ బాధాకరం. ఐరోపా యంత్రాల గుడ్డ చవకగా వచ్చింది. గిరాకీ తగ్గింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరులోనూ చుట్టుపక్కలా దాదాపు 30 వేల ప్రాణాలు తీసింది, రేవు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు. అయినా కొన్ని కుటుంబాలు అచ్చులను అటకల మీద దాచుకుని, పారశీక దేశపు బేరాలను నమ్ముకుని నిలిచాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. దాన్ని నడిపించిన కమలాదేవి ఛటోపాధ్యాయ దేశమంతటా చేతివృత్తులను వెతికి నిలబెట్టిన మనిషి. కలంకారీకి మళ్ళీ ఆదరణ రావడంలో ఆమె పాత్ర పెద్దది.

ఇవాళ కావలసింది

ఇప్పుడు ఈ పనికి పోటీ దూరదేశపు మిల్లు నుంచి కాదు, పక్క దుకాణంలోని స్క్రీన్ ప్రింట్ నుంచి వస్తోంది. అవే లతలు, అవే నెమళ్ళు. రసాయన రంగులతో ఒక్క పూటలో దిగిపోయి, అదే పేరుతో అమ్ముడవుతాయి. కొనేవారికి నమూనా ఒకటే కనబడుతుంది. మధ్యలో జరగని పని కనబడదు. నానబెట్టడం, పులియబెట్టడం, ఆరబెట్టడం, ఆగడం అన్నీ ధరలో కనబడేవే గానీ గుడ్డ మీద చీటీలో కనబడేవి కావు. ఒక పువ్వుకు ఇంత ధర ఎందుకని అడిగేవారికి జవాబు ఆ కనబడని రోజుల్లోనే ఉంది.

అందుకే ఈ గుడ్డ అమ్మే ప్రతి చోటా, ప్రదర్శనకు పెట్టే ప్రతి చోటా, అమ్మకందారు పేరుతో పాటు అచ్చు చెక్కినవారు, అద్దినవారు, కాలువలో జాడించినవారు, గంగాళం తిప్పినవారు, చలవ చేసినవారు అందరి పేర్లూ రాయాలని నా మనవి. బహుమతులు వచ్చినప్పుడు వేదిక ఎక్కేది సాధారణంగా ఒక్కరే. ఈ విద్యలో ఒక్కరు చేయగలిగింది ఏదీ లేదు. ఆ ఐదుగురిలో ఎవరి పని ఆగినా మిగతా నలుగురి నేర్పు వృథా అవుతుంది. అలాగే పెడన కాలువలు శుభ్రంగా పారడం, గుడ్డలు పరుచుకోవడానికి ఊళ్ళలో ఖాళీ నేల మిగలడం కూడా ఈ కళను కాపాడే పనుల్లో మొదటి వరసలో ఉండాలి. శిక్షణ కేంద్రంలో అచ్చు పట్టడం నేర్పవచ్చు, పారే నీటిని నేర్పలేం. దాన్ని ఊరంతా కలిసి కాపాడుకోవలసిందే. చెక్కేవారి నుంచి చలవ చేసేవారి దాకా ఒకరినొకరు నమ్ముకుని ఇన్ని తరాలు ఈ ఎరుపును నిలబెట్టారు. ఆ నమ్మకంలో కొనేవారిగా మన వంతు, చూడగానే చవక దొరికిందని మురిసిపోకుండా, గుడ్డను తిప్పి చూసి, ఎవరెవరు చేశారని అడిగి, వారందరి పనికీ తగిన ధర చెల్లించడం.